బెల్టు వేరు, ఉస్తాద్‌గిరీ వేరు
(సొసైటీ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఉర్దూ మీడియం బడిపంతుల్ని. నా తెలుగు కొంత పుస్తకాలది, కొంత బజారుది. మాట అటూ ఇటూ అయితే మన్నించి, భావం మాత్రం తీసుకోవలసిందిగా మనవి.

ప్రతి ఏడూ ఈ సభలో నన్ను చదువుల గురించి మాట్లాడమంటారు. ఈసారి సెక్రటరీ సాహెబ్ "కరాటే, జూడోల గురించి నాలుగు మాటలు చెప్పండి మాస్టర్‌సాబ్" అన్నారు. కారణం మీ అందరికీ తెలిసిందే. మన సొసైటీ హాల్లో సాయంత్రం పూట పిల్లలకు ఆత్మరక్షణ క్లాసులు పెట్టాలని ఆలోచన. ముగ్గురు యువకులు దరఖాస్తులు పెట్టుకున్నారు. ముగ్గురికీ నల్లబెల్టులున్నాయి, ముగ్గురూ మంచి పిల్లలే. వీళ్లలో ఎవరికి హాలు ఇవ్వాలి, ఏం చూసి ఇవ్వాలి అన్నది కార్యవర్గం ముందున్న ప్రశ్న.

నేను కుస్తీ పట్టినవాణ్ణి కాదు, కరాటే బట్టలు తొడిగినవాణ్ణి అంతకన్నా కాదు. మరి నీకేం పని అని మీరు అడగవచ్చు. నాకు తెలిసింది ఒకటే. ఇరవై ఏళ్లుగా పిల్లల ముందు నిలబడుతున్నాను. ఒక విద్య తనకు రావడం ఒక సంగతి, దాన్ని ఎదుటివాడికి వచ్చేలా చెయ్యడం ఇంకో సంగతి అని నా వృత్తి నాకు నేర్పింది. లెక్కల్లో నూటికి నూరు తెచ్చుకున్నవాడు కూడా నాలుగో తరగతి పిల్లవాడికి భాగహారం చెప్పలేక తల పట్టుకోవడం చూశాను. లెక్క తప్పితే పలక తుడిచి మళ్లీ రాసుకోవచ్చు. ఈ విద్యలో తప్పు జరిగితే తుడవడానికి పలక ఉండదు, పిల్లవాడి మెడ ఉంటుంది. అందుకే ఈ సంగతిని కాస్త తీరుబడిగా మాట్లాడుకోవాలి.

తాలీం అనే మాట

మన భాషలో తాలీం అంటే చదువు. హైదరాబాదు పాతబస్తీలోనూ, మన తెలుగు జిల్లాల్లోనూ కుస్తీ పట్టే చోటును కూడా తాలీంఖానా అనేవారు. చదువుకూ కసరత్తుకూ మన పెద్దలు ఒకే మాట వాడారంటే ఊరికే కాదు. రెండు చోట్లా ఉస్తాద్ ఉంటాడు, షాగిర్ద్ ఉంటాడు. ఉస్తాద్ ఒక్కడే అందరినీ చూసుకోలేడు కాబట్టి, ఏళ్ల తరబడి ఆయన దగ్గర నలిగిన పెద్ద షాగిర్దుకు చిన్నపిల్లల్ని అప్పగించేవాడు. కొన్ని తాలీంఖానాల్లో అలాంటివాణ్ణి ఖలీఫా అనేవారు. అతను నేర్పుతుంటే ఉస్తాద్ పక్కన కూర్చుని చూసేవాడు. అంటే నేర్పడాన్ని కూడా ఒకరి కళ్ల ముందు నేర్చుకోవాలి అన్నమాట.

ఖుష్‌ఖతీ, అంటే అందమైన చేతిరాత నేర్చుకునే వారి సంప్రదాయం కూడా చూడండి. తుర్కీ ఉస్తాదుల దగ్గర శిష్యుడు ఎంత బాగా రాసినా, గురువు ఇజాజత్ ఇచ్చేదాకా తన రాత కింద సంతకం పెట్టుకునేవాడు కాదు. ఇజాజత్ అంటే అనుమతి. ఆ కాగితమే సనదు. సనదు అనే మాట తెలుగులో కూడా కలిసిపోయింది కాబట్టి వివరించనక్కర లేదు.

మన దేశపు పహిల్వాన్ల పేర్లు చెప్పుకుంటే గామా పహిల్వాన్ పేరు ముందు వస్తుంది. 1910లో లండన్ వెళ్లి అక్కడి మల్లుల్ని నిలవరించి వచ్చిన మహాబలుడు. అయితే ఈ రోజు నేను చెప్పదలచింది మన తెలుగువాడైన కోడి రామమూర్తి నాయుడు గారి గురించి. 1882లో ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో పుట్టారు. గుండె మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషిగానే ఆయన్ను అందరూ చెప్పుకుంటారు. అంత బలం ఉన్న మనిషి ఏం చేశారో వినండి. మద్రాసు సైదాపేట కాలేజీకి వెళ్లి, ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, సర్టిఫికెట్ పుచ్చుకుని, తిరిగి విజయనగరం వచ్చి హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయుడిగా చేరారు. సర్కస్ కంపెనీ, బిరుదులు అన్నీ ఆ తర్వాతి సంగతులు. నాకు బలం ఉంది కదా, కాగితం ఎందుకు అని ఆయన అనుకోలేదు. పిల్లలకు నేర్పాలంటే నేర్పే విద్య వేరే నేర్చుకోవాలని తెలిసినవాడు.

ఇద్దరు బడిపంతుళ్లు

జూడో, కరాటే రెండూ జపాను నుంచి వచ్చాయని పిల్లలకు కూడా తెలుసు. వాటిని ఈ రూపంలోకి తెచ్చిన ఇద్దరూ మా వృత్తివాళ్లే అన్న సంగతి చాలామందికి తెలియదు. చెప్పుకోవడానికి నాకు కాస్త గర్వంగా ఉంటుంది, మన్నించాలి.

జూడోను స్థాపించినవారు జిగొరో కానో. 1860లో పుట్టారు. చిన్నప్పుడు పొట్టిగా, బక్కపలచగా ఉండేవారు, బడిలో బలంగా ఉన్న పిల్లలు ఏడిపించేవారు. దాంతో పాత జుజుత్సు ఉస్తాదుల దగ్గర చేరారు. 1882లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, టోక్యోలోని ఒక గుడి ఆవరణలో పన్నెండు చాపల గదిలో కొడోకాన్ అనే శిక్షణాలయం మొదలుపెట్టారు. మొదటి ఏడాది శిష్యులు తొమ్మిది మందే. ఆయన జీవనోపాధి మాత్రం చదువు చెప్పడం. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చే టోక్యో ఉన్నత నార్మల్ స్కూలుకు ఇరవై ఏళ్లకు పైగా ప్రిన్సిపాలుగా ఉన్నారు. అందుకే ఆయన జూడో నేర్పే పద్ధతిలో బడి వాసన ఉంటుంది. ఆయన పద్ధతిలో నాలుగు భాగాలున్నాయి. వరసగా నిర్ణయించిన కదలికలు ఒకటి, స్వేచ్ఛగా పట్టుకుని చేసే సాధన రెండు, ఉపన్యాసం మూడు, ప్రశ్న-జవాబు నాలుగు. ఈ చివరి రెంటినీ గమనించండి. కుస్తీ నేర్పే చోట ఉపన్యాసం, ప్రశ్నలు! ఈ రోజు మన వీధుల్లో బోర్డు కట్టిన ఎన్ని సెంటర్లలో పిల్లవాడు "ఇలా ఎందుకు చెయ్యాలి సార్" అని అడగగలడు?

రెండోవారు గిచిన్ ఫునాకోషి. 1868లో ఒకినావా దీవిలో పుట్టారు. ముప్ఫై ఏళ్లు ప్రాథమిక పాఠశాలలో పనిచేశారు. 1922లో టోక్యోలో విద్యాశాఖ వారు ఏర్పాటు చేసిన ప్రదర్శనలో కరాటే చూపించి, అక్కడే ఉండిపోయారు. ఆ రోజుల్లో కరాటే ఫీజులతో పొయ్యి వెలిగేది కాదు. విద్యార్థుల హాస్టల్లో గదులు ఊడ్చి, తోట పని చేసి బ్రతికారు. పగలు చీపురు పట్టిన చేతితోనే సాయంత్రం కాలేజీ కుర్రాళ్లకు విద్య నేర్పేవారు. తానే తుడిచిన గదిలో తానే గురువు. ఆయన గౌరవం ఏమైనా తగ్గిందా? ఈ రోజు ప్రపంచమంతా ఆయన పేరు తలుస్తోంది.

నల్లబెల్టు అంటే ఏమిటి?

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉంది. మన తల్లిదండ్రులు నల్లబెల్టు అంటే ఆఖరి మెట్టు అనుకుంటారు. జపాను భాషలో మొదటి నల్లబెల్టును షోదాన్ అంటారు. షో అంటే ఆరంభం. అంటే మొదటి మెట్టు ఎక్కాడని అర్థం. అక్షరాలు దిద్దడం పూర్తయింది, ఇక చదవడం మొదలుపెట్టవచ్చు అన్నమాట. మన బడి లెక్కలో చెప్పాలంటే ఖాయిదా పూర్తి చేసిన పిల్లవాడు. ఖాయిదా పూర్తి చేసినవాణ్ణి తెచ్చి పదో తరగతికి పాఠం చెప్పమంటే ఎలా ఉంటుంది?

పూర్వం జపానులో ఈ దాన్ మెట్లు ఉండేవి కావు. పాత ఉస్తాదులు మెన్క్యో అనే పత్రం ఇచ్చేవారు. ఆ మాటకు అర్థం అనుమతి, అంటే మన ఇజాజత్తే. కానో గారు 1883లో తన ఇద్దరు శిష్యులకు మొదటిసారి దాన్ ఇచ్చి మెట్ల పద్ధతి తెచ్చారు. ఫునాకోషి గారు 1924లో కరాటేలోకి తెచ్చారు. పసుపు, నారింజ, ఆకుపచ్చ లాంటి రంగురంగుల బెల్టులు ఆ తర్వాత ఎక్కువగా యూరప్‌లో పెరిగిన పద్ధతి. నేర్చుకునేవాడికి హుషారు కలగడానికి ఇవి మంచివే. చిక్కల్లా, మనిషి ఏం నేర్చాడో చెప్పే కాగితాన్ని, అతను నేర్పగలడని చెప్పే కాగితంగా మనం పొరబడటంలో ఉంది.

జపానువాళ్లే ఈ రెంటినీ విడదీశారు. జపాన్ కరాటే అసోసియేషన్ 1956లో బోధకుల కోసం ప్రత్యేక శిక్షణ మొదలుపెట్టింది. అందులో చేరినవాళ్లు అప్పటికే నల్లబెల్టు ఉన్నవాళ్లు. ఆ సంస్థలో నేటికీ దాన్ మెట్టు వేరు, బోధకుడి అర్హత వేరు, పరీక్షాధికారి అర్హత వేరు, పోటీల న్యాయనిర్ణేత అర్హత వేరు. టైక్వాండోకు కేంద్రమైన సియోల్‌లోని కుక్కివాన్ కూడా ఇంతే. అక్కడ బోధకుల కోర్సులో అన్నిటికన్నా కింది తరగతి సర్టిఫికెట్టుకు నాలుగో దాన్ ఉండాలి. మన దగ్గర మొదటి దాన్ రాగానే మూడో నెలలో బ్యానర్ కడుతున్నారు.

జపాను నేర్చుకున్న చేదు పాఠం

పుట్టిన దేశంలోనే జాగ్రత్త తప్పితే ఏమైందో చెబుతాను. తల్లులు భయపడాలని చెప్పడం లేదు, తెలిసి ఉండాలని చెబుతున్నాను.

జపాను బడుల్లో జూడో ఎప్పటినుంచో ఉంది. నగోయా విశ్వవిద్యాలయ పరిశోధకుడు ర్యో ఉచిదా గారు బడి ప్రమాదాల రికార్డులన్నీ తిరగేసి లెక్క తీశారు. 1983 నుంచి దాదాపు ముప్ఫై ఏళ్లలో బడిలో జూడో చేస్తూ చనిపోయిన పిల్లలు వందమందికి పైనే అని తేలింది. చాలావాటిలో కారణం తలకు తగిలిన దెబ్బ, లోపల రక్తం గడ్డకట్టడం. ఎక్కువమంది కొత్తగా చేరినవాళ్లు. ఇంకా కింద పడటం సరిగ్గా రాని పిల్లలు. ఎదుటివాడి కాలు వెనక నుంచి మీటి వెల్లకిలా పడవేసే పట్టు ఒకటి ఉంది, దాని వల్లనే ఎక్కువ ప్రమాదాలు జరిగాయి. వెల్లకిలా పడేటప్పుడు గడ్డం ఛాతీకి ఆనించుకోకపోతే తల వెనకభాగం నేలకు కొట్టుకుంటుంది.

2012 ఏప్రిల్ నుంచి జపాను మిడిల్ స్కూళ్లలో యుద్ధవిద్య తప్పనిసరి పాఠం అయింది. అప్పుడు తల్లిదండ్రులు నిలదీశారు. 2013 నుంచి జపాను జూడో సమాఖ్య బోధకులకు లైసెన్సు పద్ధతి పెట్టింది. జూడో పుట్టి 130 ఏళ్లు దాటాక, పుట్టిన ఇంట్లో ఈ ఏర్పాటు వచ్చింది. ఫ్రాన్సు మాత్రం 1955లోనే చట్టం చేసింది. ప్రభుత్వ డిప్లొమా ఉంటేనే అక్కడ జూడో నేర్పి బ్రతకాలి. ఆ దేశంలో సుమారు 5 లక్షల మంది జూడో సంఘ సభ్యులుగా ఉన్నారు, వారిలో పిల్లలే ఎక్కువ. చట్టం కఠినంగా ఉంటే ఆట చచ్చిపోతుందని అనేవారికి ఇదే జవాబు.

జపాను దాకా ఎందుకు, మా బడి పిల్లవాడి సంగతే ఉంది. ఊరు పేరు, సెంటరు పేరు చెప్పను. ఏడో తరగతి. చేరి రెండు నెలలైంది. సిమెంటు నేల మీద పలచని టార్పాలిన్ పరిచి సాధన చేయిస్తున్నారు. తనకన్నా పెద్దవాడితో జత కట్టించారు. వెల్లకిలా పడ్డాడు. మాస్టరు అనే అబ్బాయికి పందొమ్మిదేళ్లు. ముఖాన నీళ్లు చల్లి, "మగపిల్లాడివి, లే, ఏం కాలేదు" అని మళ్లీ నిలబెట్టాడు. పిల్లవాడు ఇంటికెళ్లి తలనొప్పి అని పడుకున్నాడు. రాత్రి రెండుసార్లు వాంతి. వాళ్ల అమ్మీ భోజనం పడలేదేమో అనుకుంది. తెల్లవారి లేపితే సరిగ్గా కళ్లు తెరవలేదు. ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఆపరేషన్ అయింది. బ్రతికాడు, అల్హందులిల్లాహ్. కానీ మూడు నెలలు బడి పోయింది, వాళ్ల అబ్బా మెకానిక్ షెడ్డు సామాను అమ్ముడుపోయింది. ఇప్పుడు ఆ పిల్లవాడు చదివేటప్పుడు వరస మీద వేలు పెట్టుకుంటాడు, పెట్టకపోతే వరస తప్పుతుంది. ముందు అలా ఉండేవాడు కాదు.

ఆ పందొమ్మిదేళ్ల అబ్బాయి దుర్మార్గుడు కాదు. తలకు దెబ్బ తగిలిన పిల్లవాణ్ణి ఆ రోజు మళ్లీ ఆటలో దించకూడదని అతనికి ఎవరూ చెప్పలేదు. తలనొప్పి, వాంతి, మగత, మాట తడబడటం కనబడితే ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి పంపాలని ఎవరూ చెప్పలేదు. అతనికి తన్నడం నేర్పారు, పడవెయ్యడం నేర్పారు. పిల్లల్ని కాపాడటం నేర్పలేదు. నేర్పకుండానే బెల్టు కట్టి పంపారు.

నేర్పేవాడికి ఏం రావాలి?

నాకు తెలిసిన ఉస్తాదుల్ని, కోచ్‌లను అడిగి, చదివి, కూడగట్టుకున్న సంగతులు చెబుతాను. యువకులు ప్రత్యేకంగా వినాలి.

ఒకటి, పడటం నేర్పడం రావాలి. జూడోలో మొదటి పాఠం ఎదుటివాణ్ణి పడవెయ్యడం కాదు, తాను పడటం. గడ్డం లోపలికి, చెయ్యి చాపకు కొట్టి దెబ్బ పంచుకోవడం, తల నేలకు తగలకపోవడం. ఇది వారాల తరబడి చెయ్యాలి. పిల్లలకు విసుగు, తల్లిదండ్రులకు తొందర. ఆ తొందరకు లొంగనివాడే మాస్టరు.

రెండు, వయసును బట్టి పాఠం. ఎదిగే పిల్లల ఎముకలు, కీళ్లు ఇంకా గట్టిపడి ఉండవు. చిన్నపిల్లలకు గొంతు నొక్కే పట్లు, కీళ్లు మెలిపెట్టే పట్లు నేర్పరు. బరువు, ఎత్తు, అనుభవం చూసి జత కట్టాలి. ఎండాకాలంలో నీళ్లు తాగనివ్వకపోవడం కఠిన శిక్షణ కాదు, అజ్ఞానం. పోటీ కోసం పిల్లల్ని పస్తులుంచి బరువు తగ్గించడం అంతకన్నా అజ్ఞానం.

మూడు, ప్రథమ చికిత్స. రెడ్ క్రాస్ వారు, సెంట్ జాన్ అంబులెన్స్ వారు ఈ శిక్షణ ఇచ్చి సర్టిఫికెట్ ఇస్తారు. ఎక్కువ రోజులు పట్టదు. ఇది లేనివాడికి హాలు తాళం ఇవ్వకూడదని నా అభిప్రాయం.

నాలుగు, చెయ్యి అదుపు, నోరు అదుపు. బడిలో పిల్లల్ని కొట్టరాదని 2009 విద్యాహక్కు చట్టం చెప్పింది. కరాటే క్లాసులో బెత్తం పట్టుకుంటే అది శిక్షణ అయిపోతుందా? ఈ విద్యలో పిల్లల్ని ముట్టుకుని నేర్పవలసి వస్తుంది. కాబట్టి మర్యాద రెట్టింపు ఉండాలి. తలుపులు తెరిచి ఉండాలి, తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడగలగాలి. పిల్లల పట్ల అసభ్యంగా ప్రవర్తించినట్టు తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం ప్రకారం అందరి బాధ్యత, పరువు పోతుందని దాచడానికి వీల్లేదు. ఇంగ్లండులో 2022లో చట్టం మార్చి, ఉపాధ్యాయుల మీద ఉన్న కట్టుబాటును ఆటల కోచ్‌లకు కూడా వర్తింపజేశారు. ఎందుకంటే పిల్లలు కోచ్ మాటను వాళ్ల అబ్బా మాటకన్నా ఎక్కువ వింటారు. అంత అధికారం ఉన్నవాడి మీద అంత కన్ను ఉండాలి.

ఐదు, ఖలీఫాగా పనిచేసి ఉండాలి. అంటే ఒక అనుభవజ్ఞుడి కింద కనీసం రెండేళ్లు చిన్నపిల్లలకు నేర్పి, ఆయన చేత "ఇలా కాదు" అనిపించుకుని ఉండాలి. మాకు కూడా ట్రైనింగ్‌లో బోధనాభ్యాసం ఉంటుంది. వెనక బెంచీలో లెక్చరర్ కూర్చుని కాగితం మీద తప్పులు రాసుకుంటుంటే చెమటలు పట్టేవి. ఆ చెమటే మమ్మల్ని పంతుళ్లను చేసింది.

దారులు ఏమున్నాయి?

"మాస్టర్‌సాబ్, ఇవన్నీ ఎక్కడ నేర్చుకోవాలి?" అని దరఖాస్తు పెట్టిన అబ్బాయే ఒకరు నన్ను అడిగారు. అడిగినందుకు సంతోషించాను.

మన దేశంలో కోచ్‌ల శిక్షణకు పెద్ద సంస్థ పాటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ. 1961లో మోతీబాగ్ రాజమహల్లో మొదలైంది. ఎన్.ఐ.ఎస్. అంటే క్రీడల వాళ్లందరికీ తెలుసు. జూడో, కుస్తీ, బాక్సింగ్ వంటి వాటిలో కోచింగ్ డిప్లొమా ఇస్తారు. డిగ్రీ ఉండాలి, ఆ ఆటలో పోటీలకు వెళ్లిన రికార్డు ఉండాలి. అక్కడ మైదానంలో చెమటోడ్చడమే కాదు, శరీరశాస్త్రం, మనస్తత్వశాస్త్రం, శిక్షణా సిద్ధాంతం చదివి పరీక్ష రాయాలి. అంతకాలం ఇల్లు వదిలి ఉండలేనివాళ్లకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు ఉంది. నోటిఫికేషన్ ఎప్పుడు వస్తుందో చూసుకుంటూ ఉండాలి.

బడుల్లో వ్యాయామ ఉపాధ్యాయుడి ఉద్యోగం కావాలంటే దారి వేరు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ పీఈసెట్ రాసి డి.పి.ఎడ్., బి.పి.ఎడ్. చెయ్యాలి. నల్లబెల్టు ఒక్కటే ఆ ఉద్యోగానికి సరిపోదు. ఇది తెలియక ఎన్నో పిల్లలు ఏళ్లు పోగొట్టుకున్నారు.

మూడోది, ఆ ఆట సంఘం ఇచ్చే దాన్ మెట్లు, కోచ్, రిఫరీ పరీక్షలు. ఇక్కడ జాగ్రత్త కావాలి. కరాటే పేరుతో సంఘాలు బోలెడు. అందమైన బంగారు అక్షరాల సర్టిఫికెట్లు అచ్చు వెయ్యడం పెద్ద పని కాదు. 2020లో ప్రపంచ కరాటే సమాఖ్య భారత కరాటే సంఘం గుర్తింపునే నిలిపివేసింది. అంతటి సంఘానికే అలా అయినప్పుడు చిన్నవాటి సంగతి చెప్పాలా? డబ్బు కట్టే ముందు ఈ సంఘానికి గుర్తింపు ఎవరిచ్చారు, ఈ రోజు ఆ గుర్తింపు ఉందా అని అడగండి. అడిగితే కోప్పడే మాస్టరు దగ్గర చేరవద్దు.

మా బడిలో చదివిన ఒక అబ్బాయి ఉన్నాడు. వాళ్ల అబ్బా దర్జీ. పగలు కాజాలు కుట్టేవాడు, సాయంత్రం జూడో. నల్లబెల్టు రాగానే స్నేహితులు సెంటరు పెట్టమన్నారు. వాళ్ల ఉస్తాద్ "రెండేళ్లు నా దగ్గర చిన్నపిల్లల్ని చూసుకో, జీతం లేదు, చాయ్ మాత్రం ఉంది" అన్నారట. ఉన్నాడు. ప్రైవేటుగా డిగ్రీ పూర్తి చేశాడు. పీఈసెట్ రాసి బి.పి.ఎడ్. చేశాడు. ఇప్పుడొక రెసిడెన్షియల్ స్కూల్లో పనిచేస్తున్నాడు. జీతం గొప్పది కాదు, కాంట్రాక్టు ఉద్యోగం. కానీ అతని చేతిలోంచి ఒక్క పిల్లవాడు కూడా ఆసుపత్రికి పోలేదు. మొన్న కలిస్తే అడిగాను, ఆ రెండేళ్లూ వృథా అనిపించిందా అని. "మాస్టర్‌సాబ్, పట్లు ముందే వచ్చాయి. పిల్లలు భయపడ్డప్పుడు ముఖం ఎలా ఉంటుందో ఆ రెండేళ్లలో తెలిసింది" అన్నాడు. ట్రైనింగ్ కాలేజీలో నాకెవరూ ఇంత బాగా చెప్పలేదు.

ఆడపిల్లల సంగతి

ఇద్దరు ముగ్గురు పెద్దలు నన్ను పక్కకు పిలిచి, "ఆడపిల్లలకు ఇవన్నీ ఎందుకు మాస్టర్‌సాబ్, హాలు మగపిల్లలకే పెడదాం" అన్నారు. వారి మీద నాకు గౌరవం ఉంది. వారి భయం కూడా నాకు అర్థమైంది. మగ మాస్టరు ముందు మన అమ్మాయిలు ఎలా నేర్చుకుంటారు అన్నదే ఆ భయం. దానికి ఉపాయం అమ్మాయిల్ని ఇంట్లో కూర్చోబెట్టడం కాదు, ఆడ మాస్టరును తయారు చెయ్యడం.

నిఖత్ జరీన్ పేరు తెలియని ఇల్లు ఈ రోజు తెలుగునాట లేదు. నిజామాబాదు అమ్మాయి. 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ ఛాంపియన్. చేతికి మొదట గ్లవ్స్ తొడిగించి నిలబెట్టింది ఆమె తండ్రిగారే. 2009లో విశాఖపట్నంలో ద్రోణాచార్య అవార్డు పొందిన ఐ.వెంకటేశ్వరరావు గారి దగ్గర శిక్షణకు చేరింది. బిడ్డ ధైర్యం, తండ్రి అండ, అర్హత గల కోచ్, మూడూ కలిస్తేనే ఆ బంగారు పతకం. మన అమ్మాయిల్లో ధైర్యానికి లోటు లేదు. మిగిలిన రెండూ మన చేతిలో ఉన్నాయి.

పతకాలు అందరికీ రావు, రావాల్సిన అవసరం కూడా లేదు. ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక వచ్చే పిల్ల తల ఎత్తుకుని నడిస్తే చాలు. ప్రభుత్వ బడుల్లో కూడా సమగ్ర శిక్షా కింద రాణీ లక్ష్మీబాయి పేరుతో ఆడపిల్లలకు మూడు నెలల ఆత్మరక్షణ శిక్షణ పథకం ఉంది. దానికి నేర్పేవాళ్లు కావాలి. అర్హత ఉన్న ఆడ బోధకులు దొరకడం ఎంత కష్టమో హెడ్మాస్టర్లను అడగండి. అంటే మన అమ్మాయికి ఇది ఆత్మరక్షణే కాదు, ఒక ఉపాధి కూడా.

సొసైటీకి నా మనవి

చివరగా కార్యవర్గానికి కొన్ని సూచనలు. ఆజ్ఞలు కావు, మనవులు.

హాలు ఇచ్చే ముందు దరఖాస్తుదారు నుంచి ఐదు కాగితాలు అడగండి. దాన్ సర్టిఫికెట్, అది ఇచ్చిన సంఘానికి గుర్తింపు పత్రం, కోచింగ్ శిక్షణ పత్రం, ప్రథమ చికిత్స పత్రం, తన ఉస్తాద్ దగ్గర ఎంతకాలం సహాయకుడిగా నేర్పాడో చెప్పే లేఖ. ఎవరి దగ్గర అన్నీ లేకపోతే తోసిపుచ్చవద్దు. ఒక ఏడాది గడువు ఇవ్వండి. ఆ ఏడాది వాళ్లు బయటి నుంచి వచ్చే అర్హత గల కోచ్ కింద సహాయకులుగా ఉండాలి. ముగ్గురు పిల్లలూ మనవాళ్లే, వాళ్లను ఓడించడం మన ఉద్దేశం కాదు.

హాల్లో సిమెంటు నేల మీద ఒక్క రోజు కూడా క్లాసు జరగకూడదు. ముందు మ్యాట్లు, తర్వాత మాస్టరు. ఈ ఏడాది స్టేజీ డెకరేషన్ ఖర్చు తగ్గించుకుంటే మ్యాట్లకు చందా సగం వస్తుందని నా లెక్క. లెక్కలో పొరపాటు ఉంటే ట్రెజరర్ సాహెబ్ దిద్దవచ్చు.

ఇక చదువు నిధి నుంచి ప్రతి ఏడూ ఇంజనీరింగుకు, ఫార్మసీకి సాయం చేస్తున్నాం, చాలా మంచి పని. అందులోంచే ఒక అమ్మాయికి, డిగ్రీ చదివి ఆటలో పోటీలకు వెళ్లిన అమ్మాయికి, కోచింగ్ కోర్సు చదవడానికి ఖర్చు ఇవ్వండి. ఆమె తిరిగి వచ్చి రెండేళ్లు మన హాల్లో నేర్పాలని షరతు పెట్టండి. అలాంటి అమ్మాయి ఈ సభలోనే కూర్చుని ఉంది. పేరు చెబితే సిగ్గుపడుతుంది, అందుకని చెప్పడం లేదు. వాళ్ల అబ్బా కూడా ఇక్కడే ఉన్నారు. భాయ్‌సాబ్, మీతో సభ అయ్యాక చాయ్ దగ్గర మాట్లాడతాను, తప్పించుకుని వెళ్లకండి.

యువకులకు ఒక్క మాట. మీ బెల్టు మీ కష్టం. దాన్ని ఎవరూ తక్కువ చెయ్యడం లేదు. అయితే బెల్టు మీ నడుముకు ఉంటుంది, పక్కింటి పిల్లవాడి ప్రాణం మీ చేతుల్లో ఉంటుంది. ఆ చేతులకు కూడా ఒక సనదు సంపాదించుకోండి. అప్పుడు మిమ్మల్ని మాస్టర్ అని కాదు, ఉస్తాద్ అని పిలవడానికి నేనే మొదట వస్తాను.